కొబ్బరి కొమ్ము పురుగు మైటోకాండ్రియా జీనోమ్ 15 వేల బేసుల దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

మీరు అడిగింది ఇదీ: అమలాపురం దగ్గర మీ కొబ్బరి తోటలో పట్టిన కొమ్ము పురుగు నుంచి ఇక్కడ బెంగళూరులో డీఎన్ఏ తీసి, ఇల్యూమినా (డీఎన్ఏను చిన్న చిన్న ముక్కలుగా, అంటే రీడ్లుగా చదివే యంత్రం) మీద 5 జీబీ డేటా చేయించారు. ఆ రీడ్లను అతికే సాఫ్ట్‌వేర్ నోవోప్లాస్టీకి ఇస్తే 15,100 బేసుల (డీఎన్ఏ అక్షరాల) కాంటిగ్, అంటే అతికిన పొడవాటి ముక్క ఒకటి వచ్చింది, కానీ వలయంగా మూసుకోలేదు. ఇదే జాతికి, అంటే ఓరిక్టెస్ రైనోసెరాస్‌కి, 2021లో అచ్చయిన మైటోజీనోమ్ (మైటోకాండ్రియాలోని వలయాకార డీఎన్ఏ మొత్తం) పొడవు 20,898. పురుగు వేరే జాతిదా, డేటా చెడిపోయిందా, మళ్లీ డబ్బు పెట్టాలా, గైడ్ గారు అన్నట్టు ఇప్పుడున్నదాన్నే కంప్లీట్ అని పంపేయొచ్చా అన్నవి మీ సందేహాలు.

ముందు టెన్షన్ తగ్గించే మాట చెబుతాను. ఈ లెక్క చూస్తే మీ డేటా బాగానే ఉన్నట్టు. ఆ 2021 సీక్వెన్స్‌లో కంట్రోల్ రీజియన్ (జన్యువులు లేని నియంత్రణ భాగం) ఒక్కటే 6,204 బేసులు. అది తీసేస్తే మిగిలేది 14,694. అందులో కీటకాలకు మామూలుగా ఉండే 37 జన్యువులూ వస్తాయి: ప్రొటీన్ జన్యువులు 13, ప్రొటీన్ తయారీకి తోడ్పడే టీఆర్ఎన్ఏలు 22, ఆర్ఆర్ఎన్ఏలు 2. మీ 15,100లో ఈ 14,694 పోతే మిగిలింది ఓ 400 బేసులు. అంటే సాఫ్ట్‌వేర్ జన్యువులన్నీ కట్టుకుంటూ వచ్చి, కంట్రోల్ రీజియన్ అంచుల్లోకి కొంచెం వెళ్లి, అక్కడ ఆగిపోయింది. ఆగాల్సిన చోటే ఆగింది.

ఎందుకు ఆగిందంటే, పెంకు పురుగుల్లో చాలావాటికి కంట్రోల్ రీజియన్‌లో ఒకే ముక్క పక్కపక్కనే పదే పదే వస్తుంది. పైగా ఆ భాగమంతా దాదాపు ఏ, టీ అక్షరాలే. మీ రీడ్ పొడవు 150 బేసులు. ఉప్పాడ చీర అంచును జానెడు ముక్కలుగా కత్తిరించి ఇచ్చి, అంచు మొత్తం ఎన్ని గజాలో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ప్రతి ముక్క మీదా అదే బుటా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కూ అదే ఇబ్బంది. 5 జీబీ బదులు 50 జీబీ ఇచ్చినా ఇది తీరదు. కాబట్టి అదే లైబ్రరీని (సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన డీఎన్ఏను) ఇంకా లోతుగా సీక్వెన్స్ చేయించడానికి ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

నిజానికి ఇలా ఆగిపోవడం మేలు. ఇంకో రకంగా కూడా జరుగుతుంది: సాఫ్ట్‌వేర్ రిపీట్లన్నిటినీ కుదించి ఒకటో రెండో మాత్రమే ఉంచి, 16 వేల దగ్గర చక్కగా వలయం మూసి, సర్క్యులరైజ్డ్ అని లాగ్‌లో రాసేస్తుంది. అది చూసి సంబరపడిపోతారు. ఆ మాట సాఫ్ట్‌వేర్ అంచనా మాత్రమే, రుజువు కాదు. కంట్రోల్ రీజియన్ పొడవును షార్ట్ రీడ్స్‌తోనే తేల్చి కంప్లీట్ అని రాసిన పెంకు పురుగు రికార్డులను నేను ఆ ఒక్క భాగం విషయంలో నమ్మను. జన్యువుల వరకు వాడుకుంటాను, అంతే.

ఇప్పుడు మీ కాంటిగ్ మీద ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది, దీనికి ఖర్చు లేదు. మొదట రెండు కొసలూ చూడండి. ఒక కొస 12ఎస్ ఆర్ఆర్ఎన్ఏ దాటి ముగియాలి. రెండో కొస నాడ్2 జన్యువుకు ముందుండే టీఆర్ఎన్ఏల గుంపు దగ్గర ముగియాలి. కంట్రోల్ రీజియన్ ఈ రెండింటి మధ్యలోదే కాబట్టి, కొసలు అక్కడే ఉంటే పైన చెప్పిందంతా మీకు వర్తిస్తుంది. కాంటిగ్ నాడ్5, సైటోక్రోమ్ బి లాంటి జన్యువు మధ్యలో తెగిపోయి ఉంటే సమస్య వేరు, అది రీడ్ల నాణ్యతకో సీడ్‌కో (సాఫ్ట్‌వేర్‌కు మొదట ఇచ్చిన ముక్కకో) సంబంధించినది.

ఇక్కడే ఒక హెచ్చరిక. చాలా కీటకాల్లో ఆ టీఆర్ఎన్ఏలు ఐ, క్యూ, ఎం అనే వరసలో ఉంటాయి. ఈ పురుగులో మొదటి రెండూ చోటు మార్చుకున్నాయి, క్యూ ముందు వస్తుంది, తర్వాత ఐ. 2021 పేపర్‌లో దీన్ని ప్రత్యేకంగా చెప్పారు. మీ దాంట్లోనూ అలాగే కనిపిస్తే తప్పనుకుని సరిచేయకండి. పైగా అది మీ పురుగు గుర్తింపుకు ఇంకో సాక్ష్యం.

తర్వాత, కత్తిరించి శుభ్రం చేసిన మొత్తం రీడ్లను మళ్లీ ఆ కాంటిగ్ మీద మ్యాప్ చేయండి, అంటే ఏ రీడ్ ఎక్కడ పడుతుందో చూడండి. బీడబ్ల్యూఏ అనే ప్రోగ్రాం చాలు. సామ్‌టూల్స్‌తో ప్రతి బేసు మీదా డెప్త్ (ఆ చోటును ఎన్ని రీడ్లు కప్పాయో) తీసి గ్రాఫ్ గీయండి, ఐజీవీ అనే వ్యూయర్‌లో కళ్లారా చూడండి. దీని వెనక లెక్క చెబుతాను. ఈ పురుగు న్యూక్లియర్ జీనోమ్ (కణకేంద్రకంలోని డీఎన్ఏ) సుమారు 37–38 కోట్ల బేసులు. మీకు వచ్చింది 5 గిగాబేసులు (500 కోట్ల బేసులు) అయితే న్యూక్లియర్ డెప్త్ 13 రెట్ల చుట్టూ ఉంటుంది. అన్నట్టు, కంపెనీ చెప్పిన 5 జీబీ అంటే గిగాబేసులా, కంప్రెస్ చేసిన ఫైల్ సైజా అని ఒకసారి అడగండి, రెంటికీ చాలా తేడా ఉంది. రీడ్లలో అర శాతం మైటోకాండ్రియావే అనుకున్నా 2.5 కోట్ల బేసులు, అంటే దాదాపు 1,200 రెట్ల డెప్త్. కండరం నుంచి డీఎన్ఏ తీస్తే ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

ఈ తేడాయే మీ ఆయుధం. మైటోకాండ్రియా డీఎన్ఏ ముక్కలు పరిణామ క్రమంలో న్యూక్లియర్ జీనోమ్‌లోకి వెళ్లి అతుక్కుంటాయి, వాటిని న్యూమ్ట్‌లు అంటాం. పీసీఆర్‌తో సీఓఐ జన్యువు (దీన్నే కాక్స్1 అని కూడా అంటారు) ఒక్కటే చేసేవాళ్లను ఇవి బాగా మోసం చేస్తాయి. మీ దగ్గర మాత్రం అసలుది వెయ్యి రెట్లలో, న్యూమ్ట్ పదుల్లో ఉంటుంది. కాంటిగ్‌లో ఎక్కడైనా డెప్త్ ఒక్కసారిగా పదులకు పడిపోతే ఆ ముక్క అనుమానాస్పదం. అన్ని చోట్లా సమంగా ఉండి, ఒకచోట మాత్రం నాలుగైదు రెట్లు పైకి లేస్తే, కుదించిన రిపీట్ అక్కడుందని అర్థం. ఎన్ని రెట్లు లేచిందో చూస్తే రిపీట్లు సుమారు ఎన్ని ఉంటాయో కూడా ఊహించవచ్చు. అది ఊహే, పేపర్‌లో సంఖ్యగా రాయకండి.

మళ్లీ డబ్బు పెట్టాలా అన్నది మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారనే దాన్ని బట్టి ఉంటుంది. మీ థీసిస్ ప్రశ్న కోనసీమ పురుగుకూ పసిఫిక్ దీవుల్లో వ్యాపించిన జి రకానికీ ఉన్న సంబంధం అయితే, దానికి కావాల్సింది చాలావరకు మీ చేతిలో ఉంది. ఈ కథ తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఈ పురుగు దక్షిణ, ఆగ్నేయ ఆసియాది. 1909లో శ్రీలంక నుంచి రబ్బరు మొక్కలతో సమోవా చేరింది, అక్కడి నుంచి పసిఫిక్‌లో విస్తరించింది. 1963లో మలేషియాలో హ్యూగర్ అనే శాస్త్రవేత్త దీన్ని చంపే వైరస్‌ను కనుక్కున్నారు. ఆ వైరస్‌ను తోటల్లో వదిలి దశాబ్దాలపాటు పురుగును అదుపులో ఉంచారు. 2007లో గువామ్‌లో బయటపడిన పురుగులు మాత్రం ఆ వైరస్‌కు లొంగలేదు. వాటినే జి రకం అంటున్నారు. ఆ రకాన్ని గుర్తుపట్టడానికి వాడుతున్నది కాక్స్1 జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా.

ఒక్క అక్షరం. అందుకే నేను ఇంత పట్టు పడుతున్నాను. ఆ అక్షరం న్యూమ్ట్ నుంచి వచ్చినా, సీక్వెన్సింగ్ లోపం వల్ల మారినా మీరు కోనసీమ రైతుల గురించి తప్పు మాట చెప్పినట్టవుతుంది. మీ కాంటిగ్‌లో కాక్స్1 పూర్తిగా ఉంది. ఆ చోట వెయ్యి రీడ్లు ఏం చెబుతున్నాయో ఈ రోజే చూసుకోవచ్చు.

అలాగే మీ లక్ష్యం వంశవృక్షమే అయినా 13 ప్రొటీన్ జన్యువులు, రెండు ఆర్ఆర్ఎన్ఏలు సరిపోతాయి. కంట్రోల్ రీజియన్‌ను ఎలాగూ చెట్టులో వాడరు. అప్పుడు దీన్ని పాక్షికం అని నిజాయతీగా రాసి జమ చేయండి. దానివల్ల మీ పేపర్ విలువేం తగ్గదు. శీర్షికలో కంప్లీట్ అన్న మాట కావాలంటే మాత్రం లాంగ్ రీడ్స్ (వేల బేసులను ఒకే రీడ్‌లో చదివే పద్ధతి) తప్పవు. గైడ్ గారికి ఈ 6,204 సంఖ్య చూపించి చెప్పండి. అదే జాతికి అచ్చయిన సంఖ్య కళ్ల ముందు ఉండగా రివ్యూయర్ ఎలాగూ అడుగుతారు.

లాంగ్ రీడ్స్‌కు వెళ్తే విజయం చాలావరకు డీఎన్ఏ దగ్గరే తేలిపోతుంది. 6.2 వేల బేసుల భాగాన్ని రెండు వైపులా జన్యువులతో సహా ఒకే రీడ్ దాటాలంటే కనీసం 8–10 వేల బేసుల రీడ్లు కావాలి. వోర్టెక్స్ మెషీన్ మీద గిరగిరా తిప్పిన డీఎన్ఏతో అవి రావు. మీరు చెప్పిన దాన్నిబట్టి ఎథనాల్‌లో ఇంకొన్ని పురుగులు ఉన్నాయి. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇది 35–50 మిల్లీమీటర్ల పురుగు, పెంకు చాలా గట్టిది. పురుగును అలాగే ఎథనాల్‌లో వేస్తే లోపలికి ద్రవం వెళ్లే లోపే కండరం కుళ్లడం మొదలవుతుంది. కాలు విరిచి విడిగా వేయాలి, లేదా తల, రొమ్ము మధ్య కీలు దగ్గర తెరవాలి. ఒక రోజయ్యాక ఎథనాల్ మార్చాలి. ఫెరోమోన్ (వాసన ఎర) బుట్టల్లో పడి నీళ్లలో నానిన పురుగులైతే లాంగ్ రీడ్స్ ఆశ వదులుకోండి. సీఓఐకి పనికొస్తాయి.

కొత్తగా తెప్పించుకోవడమే నా సలహా. మొవ్వులోంచి ఊచతో తీస్తే ఒంటికి గుచ్చుకుని పాడవుతాయి. పెంటకుప్పలో దొరికే పూర్తిగా ఎదిగిన పురుగులు మేలు. బతికి ఉండగానే గాలి ఆడే డబ్బాలో బెంగళూరు తెచ్చి, ఇక్కడ మైనస్ 80లో పెట్టగలిగితే అంతకంటే మంచిది లేదు. అలా కుదరక ఎథనాల్‌లో తేవాల్సి వస్తే, శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో సీసా నిండా ఎథనాల్‌తో ఎక్కకండి, మండే ద్రవాలు రైల్లో నిషిద్ధం. కొరియర్ వాళ్లూ తీసుకోరు. కాళ్లు ఎథనాల్‌లో బాగా నానాక ద్రవం వంపేసి, తడి దూది చుట్టి, మూత గట్టిగా బిగించిన ట్యూబుల్లో తెచ్చుకుని, ల్యాబ్‌కు రాగానే తాజా ఎథనాల్ పోసుకోండి.

డీఎన్ఏ కాలి కండరం నుంచో, రొమ్ములోని ఎగిరే కండరం నుంచో తీయండి. పొట్ట జోలికి వెళ్లకండి. పేగులో బ్యాక్టీరియా, కొబ్బరి పీచు, ఫంగస్ అన్నీ ఉంటాయి. ఆ వైరస్ పెరిగేదీ ముఖ్యంగా పేగు కణాల్లోనే. ఎప్పుడైనా అసెంబ్లీలో (రీడ్లు అతికిన ఫలితంలో) సుమారు 1,27,600 బేసుల వలయం ఒకటి కనిపిస్తే పారేయకండి, అది ఓరిక్టెస్ నూడివైరస్ జీనోమ్ కావచ్చు. మీ తోటలోనే వైరస్ సహజంగా ఉందన్న సమాచారం దొరికితే అది మైటోజీనోమ్ కంటే పెద్ద వార్త.

డీఎన్ఏ ద్రావణాన్ని వెడల్పు మూతి టిప్‌లతో మెల్లగా తీయండి. డీఎన్ఏ ఎంతుందో క్యూబిట్ యంత్రంలో కొలవండి, నానోడ్రాప్ యంత్రం ఇచ్చే సంఖ్య ఒక్కదాన్నే నమ్మకండి. జెల్ మీద పైన గట్టి బ్యాండ్ ఉండాలి, కింద మబ్బులా పాకితే ఆ డీఎన్ఏ మీద సీక్వెన్సింగ్ ఫ్లో సెల్ ఖర్చు చేయొద్దు. మీరు జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) క్యాంపస్‌లోనే ఉన్నారు, ఎన్‌సీబీఎస్, సీ-క్యాంప్ అనే పరిశోధన సంస్థలు పక్కనే ఉన్నాయి, మొదట అక్కడ మాట్లాడి చూడండి. చేతికి అందేంత దూరంలో ఉంటే డీఎన్ఏ ఐస్ మీద మీరే పట్టుకెళ్లి ఇవ్వచ్చు, దానివల్ల చాలా బాధలు తప్పుతాయి.

బడ్జెట్ చాలకపోతే ఇంకో దారి ఉంది. 12ఎస్‌లో ఒక ప్రైమర్ (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్క), నాడ్2లో ఒక ప్రైమర్ పెట్టి లాంగ్ రేంజ్ పీసీఆర్ చేసి, ఆ 7 వేల బేసుల పైచిలుకు ఉత్పత్తిని మాత్రమే నానోపోర్‌లో (లాంగ్ రీడ్స్ ఇచ్చే యంత్రంలో) చదివించడం. రెండు ప్రైమర్లనూ మీ కాంటిగ్ నుంచే రాసుకోవచ్చు. ఏ, టీలు ఇంత ఎక్కువ ఉన్నప్పుడు ఎక్స్‌టెన్షన్ (కాపీ పొడవు పెరిగే దశ) 72 డిగ్రీల దగ్గర కాకుండా 65 చుట్టూ పెట్టి చూడండి. అయితే రిపీట్ల మీద కాపీ చేసే ఎంజైమ్ పాలిమరేజ్ జారుతుంది, జెల్ మీద ఒక బ్యాండ్ బదులు నిచ్చెన మెట్లలా చాలా బ్యాండ్లు రావచ్చు. అలా వస్తే అది పీసీఆర్ పనా, లేక ఒకే పురుగులో నిజంగానే వేర్వేరు పొడవుల కాపీలు ఉన్నాయా అని పీసీఆర్‌తో తేల్చలేరు. రెండోదీ జరుగుతుంది, దాన్నే హెటిరోప్లాస్మీ అంటాం. అందుకే డబ్బు ఎలాగోలా సర్దగలిగితే పీసీఆర్ లేని నానోపోర్ రన్నే చేయించమంటాను. అప్పుడు కంట్రోల్ రీజియన్‌ను పూర్తిగా దాటిన ఒక్కో రీడ్ పొడవూ విడిగా చూడొచ్చు. అన్నీ ఒకే పొడవు చూపితే ఆ సంఖ్య రాయండి. రెండు మూడు పొడవులు వస్తే ఆ సంగతే రాయండి.

అసెంబ్లీకి ఫ్లై అనే సాఫ్ట్‌వేర్ వాడండి. నానోపోర్ రీడ్లలో ఒకే అక్షరం వరసగా వచ్చే చోట ఒకటి తగ్గడమో పెరగడమో మామూలు, ఏ, టీలతో నిండిన ఈ జీనోమ్‌లో అలాంటి చోట్లు బోలెడు. మీ దగ్గరున్న ఇల్యూమినా రీడ్లు ఇప్పుడు పనికొస్తాయి, పైలాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాలిష్ చేయండి, అంటే తప్పులు దిద్దండి. 2021లోనూ ఇదే పద్ధతి, ఫ్లై తర్వాత పైలాన్. ఒకే పురుగు నుంచి రెండు రకాల డేటా ఉంటేనే ఇది శుభ్రంగా కుదురుతుంది. వేరే పురుగు ఇల్యూమినా రీడ్లతో పాలిష్ చేస్తే రెండు పురుగులను కలిపి లేని పురుగును తయారు చేసినట్టే. కొత్త పురుగు తెస్తే దానికి కొంచెం ఇల్యూమినా కూడా చేయించండి, 2 గిగాబేసులు ధారాళంగా సరిపోతాయి.

స్టాప్ కోడాన్లు (ప్రొటీన్ ఇక్కడితో ఆపమనే గుర్తులు) జన్యువుల మధ్యలో వస్తున్నాయని మీరు రాశారు. దాదాపు కచ్చితంగా మీరు మామూలు జెనెటిక్ కోడ్‌తో ట్రాన్స్‌లేట్ చేసి ఉంటారు. వెన్నెముక లేని జీవుల మైటోకాండ్రియాకు టేబుల్ 5 ఎంచుకోవాలి. అందులో టీజీఏ ఆపు గుర్తు కాదు, ట్రిప్టోఫాన్. ఏటీఏ మిథియోనిన్. ఏజీఏ, ఏజీజీ సెరీన్. టేబుల్ మార్చినా ఫ్రేమ్ (మూడేసి అక్షరాల వరస) విరిగితే అప్పుడు ఆ చోట రీడ్లు చూడండి.

జన్యువులను గుర్తించే ప్రోగ్రాం మైటాస్2 ఇచ్చిన హద్దులను యథాతథంగా తీసుకోకండి. ప్రతి ప్రొటీన్ జన్యువునూ దగ్గరి బంధువులతో అలైన్ చేసి మొదలు, చివర చేత్తో సరిచూడాలి. కొన్ని జన్యువులు ఒంటరి టీతోనో, టీఏతోనో ముగుస్తాయి. ఆర్ఎన్ఏకు ఏ తోక తగిలినప్పుడు ఆపు గుర్తు పూర్తవుతుంది, అది లోపం కాదు. కాక్స్1 మొదలు పెంకు పురుగుల్లో ఎప్పుడూ చిక్కే, మామూలు ఏటీజీ కనపడకపోవచ్చు. ఏటీపీ8, ఏటీపీ6 ఏడు బేసుల మేర ఒకదాని మీద ఒకటి ఉండటం కీటకాల్లో సాధారణం. నాడ్4, నాడ్4ఎల్ కూడా అంతే. సెరీన్ టీఆర్ఎన్ఏల్లో ఒకదానికి ఒక చేయి ఉండదు. అందుకే కొన్ని ప్రోగ్రాములు దాన్ని వదిలేసి 21 అని చూపిస్తాయి. 22వది లేదని రాసేముందు ఆ ఖాళీలో వెతకండి.

పురుగు సంగతి చివరికి మిగిలింది కానీ నాకు ఇది అన్నిటికంటే ముఖ్యం. మీరు వాడిన పురుగు మిగతా శరీరం ఎక్కడుంది? కాలు ఒక్కటే వాడి ఉంటే మిగిలినదాన్ని పిన్ను చేసి, అదే నంబరుతో లేబుల్ రాసి, హెబ్బాళలోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో (ఎన్‌బీఏఐఆర్)కు తీసుకెళ్లి గుర్తింపు ధ్రువపరచుకుని, అక్కడో మీ యూనివర్సిటీ కీటక సంగ్రహాలయంలోనో జమ చేయండి. కొమ్మున్న ప్రతి నల్ల పురుగూ ఓరిక్టెస్ కాదు. జైలోట్రూప్స్ ప్రజాతివి కూడా మన దగ్గర ఉన్నాయి. ఆడదా మగదా అన్నది కొమ్ము పొడవును బట్టి చెప్పకండి, తిండి చాలక చిన్నగా పెరిగిన మగవాటికి కొమ్మూ చిన్నదే. ఆడదానికి పొట్ట చివర దట్టంగా ఎర్రటి వెంట్రుకలుంటాయి. జీన్‌బ్యాంక్ (సీక్వెన్సుల డేటాబేస్) రికార్డులో వోచర్ (దాచిన పురుగు) నంబరు, అక్షాంశ రేఖాంశాలు, పట్టిన తేదీ, గుర్తించినవారి పేరు నింపండి. ముడి రీడ్లు కూడా వాటి డేటాబేస్ ఎస్ఆర్ఏలో పెట్టండి, ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లోనూ జమ చేయొచ్చు. రేపు ఎవరికైనా మీ కాక్స్1లోని ఆ ఒక్క అక్షరం మీద అనుమానం వస్తే రీడ్లూ ఉండాలి, పురుగూ ఉండాలి.

అనుమతుల గురించి: మీ సొంత తోట పురుగును దేశంలోనే సీక్వెన్స్ చేయించుకోవడం వేరు, నమూనాను విదేశీ ల్యాబ్‌కు పంపడం వేరు. రెండోదానికి 2002 జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ముందే కావాలి. పాపికొండల వైపు అడవిలో పట్టాలనుకుంటే అటవీ శాఖను ముందు అడగాలి. సర్వీస్ ఇచ్చే కంపెనీ నమూనాను ఏ దేశంలో నడుపుతుందో కూడా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఒక పురుగుతో కోనసీమ పురుగులన్నీ ఫలానా రకం అనొచ్చా అన్న మీ చివరి ప్రశ్నకు జవాబు, అనలేరు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, ఒక పురుగు అంటే ఒక తల్లి వరస. ఈ మైటోజీనోమ్‌ను ఆధారంగా పెట్టుకుని కాక్స్1లో ఆ అక్షరం పడేలా ప్రైమర్లు వేసి, అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం, అటు పాలకొల్లు వైపు కూడా వేర్వేరు తోటల నుంచి తెచ్చిన పురుగులకు సాంగర్ (ఒక చిన్న ముక్కను మాత్రమే చదివే) సీక్వెన్సింగ్ చేయించండి. దీనికి బుట్టల్లో నానిన పురుగులైనా చాలు, ఖర్చు కూడా తక్కువ. ఒక తోట నుంచి ఇరవై తేవడం కంటే పది తోటల నుంచి రెండేసి తేవడం మేలు. ఆ లేబుళ్ల మీద తోట పేరు, ఊరు, తేదీ ఇప్పటినుంచే రాయడం మొదలుపెట్టండి.